క్రైస్తవుని నోరు మూయిస్తే మన మాట మిగులుతుందా?

"మతాన్ని రాజకీయాల్లోకి తీసుకురాకండి" అనే హితవు మన దేశంలో అందరికీ సమానంగా వినిపించదు. అది ఎప్పుడూ రెండు గడపల ముందే వచ్చి నిలబడుతుంది. ఒకటి మసీదు గడప, రెండవది చర్చి గడప. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు రాష్ట్ర ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీకి గోల్కొండ తానీషా కాలంలో బీజం పడిందని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. ఒక ముస్లిం పాలకుని పేరుతో ముడిపడిన ఆ సంప్రదాయం పట్ల మనకు అభ్యంతరం లేదు, గౌరవమే ఉంది. మన ప్రశ్న వేరు. ప్రభుత్వమే ఒక ఉత్సవంలో భక్తితో పాల్గొంటే దానిని సంప్రదాయం అంటారు. అదే ఊరికి నాలుగు ఆమడల దూరంలో ఒక పాస్టరు తన సంఘస్థుల పోడు భూమి కోసం తహసీల్దారు కార్యాలయం ముందు ప్రార్థన చేసి వినతిపత్రం ఇస్తే దానిని మత రాజకీయం అంటారు. ఈ రెండు కొలతలు ఎక్కడివి?

ఇది క్రైస్తవుల ప్రశ్న కదా, ముస్లిం పత్రికలో దీనికి చోటెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నా జవాబు ఒక్కటే. క్రైస్తవ విశ్వాసానికీ ప్రజా జీవితానికీ మధ్య ఈ రాజ్యం ఏ గోడ కడుతున్నదో, అదే గోడకు రెండవ వైపున మనం నిలబడి ఉన్నాం. ఆ గోడ ఎలా కట్టారో, ఏ ఇటుక ఎవరు పేర్చారో తెలుసుకోకుండా మన హక్కుల గురించి మనం ఎంత మాట్లాడినా అది సగం మాటే అవుతుంది.

ప్రత్యేకత కోరని వారికి దక్కిన ప్రతిఫలం

ఖమ్మం, భద్రాచలం సీమలో క్రైస్తవం నిన్న మొన్న వచ్చినది కాదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలోనే దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ వారు కోయల మధ్య పని మొదలుపెట్టారు. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయ భాషను, ఆచారాలను గురించి విస్తృతంగా రాశాడు. అడవి బిడ్డల భాషకు కూడా కాగితం మీద చోటు ఉంటుందని ఆనాడు గుర్తించిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

ఖమ్మానికి రైలులో కొద్ది దూరంలో ఉన్న డోర్నకల్ మరింత పెద్ద కథ. తిరునెల్వేలి నుండి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. నిజాం రాజ్యంలోని ఒక చిన్న రైల్వే జంక్షన్‌ను కేంద్రం చేసుకొని మాల, మాదిగ పల్లెల్లో ఆయన మూడు దశాబ్దాలు పనిచేశారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్‌ను చూసినవారికి తెలుసు: దాని గుమ్మటాలు మసీదును, స్తంభాలు దేవాలయాన్ని గుర్తుకు తెస్తాయి. విదేశీ మతమని దూషించేవారికి ఆ కట్టడమే జవాబు.

అజరయ్య రాజకీయ దృష్టిని మన పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. 1930లలో ప్రత్యేక నియోజకవర్గాల చర్చ దేశమంతటా రగులుతున్నప్పుడు క్రైస్తవులకు అటువంటివి వద్దని వాదించిన నాయకులలో ఆయన ఒకరు. తన ప్రజలు ఒక ఓటు పెట్టెలో బందీలు కారాదనీ, చుట్టూ ఉన్న సమాజంతో కలిసి నడవాలనీ ఆయన ఆశ. అదే సమయంలో సువార్త చెప్పే హక్కును, దానిని స్వీకరించే దళితుని స్వేచ్ఛను ఆయన వదులుకోలేదు. సామూహిక మత స్వీకారాన్ని గాంధీజీ తీవ్రంగా విమర్శించినప్పుడు కూడా దళితుడు తన ఆత్మకు తానే యజమాని అన్న వైఖరి నుండి ఆయన వెనుదిరగలేదు. అధికారంలో వాటా అడగకపోయినా మనిషి అంతరాత్మ మీద అధికారాన్ని మాత్రం ఎవరికీ అప్పగించకపోవడం ఆయన రాజకీయం.

రాజ్యాంగ సభలోనూ ఈ ధోరణే కనబడింది. బెంగాలుకు చెందిన క్రైస్తవ నాయకుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ సభకు ఉపాధ్యక్షుడు, మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు. 1949 మే నెలలో మతపరమైన మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వు స్థానాలు వద్దనే నిర్ణయం జరిగినప్పుడు ఆయన దానిని సమర్థించారు. మన వైపు నుండి బేగం ఐజాజ్ రసూల్ కూడా సమర్థించారు. మేము మీలో భాగమే, మాకు ప్రత్యేక గది అక్కరలేదని రెండు సమాజాల నాయకులూ నమ్మకంతో చేతులు చాచారు.

ఆ నమ్మకానికి వచ్చిన ప్రతిఫలం ఏమిటి? రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950లోనే షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వెలువడింది. దానిలోని మూడవ పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. ఆ తలుపు నేటికీ ఇద్దరికే మూసి ఉంది. ఒకరు దళిత క్రైస్తవులు, మరొకరు దళిత ముస్లిములు.

అబద్ధం చెప్పమనే చట్టం

ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా కుల ధ్రువీకరణ దస్త్రాలు మోసిన వారెవరికైనా ఈ మూడవ పేరా ఎలా పనిచేస్తుందో వివరించనక్కరలేదు. పిల్లవాడికి బాప్తిస్మంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. ఆదివారం ఒక మతం, దరఖాస్తు ఫారంలో ఒక మతం. తండ్రి సమాధి మీద సిలువ ఉంటుంది. కొడుకు ధ్రువపత్రంలో "హిందూ మాల" అనో "హిందూ మాదిగ" అనో ఉంటుంది. విచారణకు వెళ్లిన ఉద్యోగికీ తెలుసు, సంతకం చేసిన అధికారికీ తెలుసు, ఊరందరికీ తెలుసు. తెలియనట్టు నటించాలని చట్టం అందరినీ శాసిస్తున్నది.

దీని ఫలితం జనాభా లెక్కల్లోనే కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 4.19 శాతం. 2001 నాటికి 1.55 శాతం. 2011లో 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో చర్చీలు తగ్గాయా? మన కళ్లతో చూస్తున్నాం, ప్రతి మండలంలోనూ పెరిగాయి. మరి మనుషులు ఏమయ్యారు? కాగితం కింద దాక్కున్నారు. దాక్కున్న సమాజానికి ప్రజా జీవితం ఉండదు. లెక్కలో లేనివాడు బడ్జెట్టులో ఉండడు, ప్రతినిధుల జాబితాలో ఉండడు, తనపై దాడి జరిగితే ఫిర్యాదు రాయడానికి ముందు పదిసార్లు ఆలోచిస్తాడు. తీరా చేసేది చేసి, వీరు దొంగచాటు క్రైస్తవులు అని నిందించేది కూడా ఆ మూడవ పేరాను కాపాడుతున్నవారే. ముఖానికి ముసుగు తొడిగించినవారే ముసుగు ఎందుకు వేసుకున్నావని అడుగుతున్నారు.

ఇటీవలి రెండు తీర్పులు ఈ పరిస్థితిని మరింత స్పష్టం చేశాయి. పుదుచ్చేరిలో అప్పర్ డివిజన్ క్లర్కు ఉద్యోగం కోసం ఒక మహిళ షెడ్యూల్డు కుల ధ్రువపత్రం కోరింది. ఆమె క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తున్నదని చెప్పి, నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు తేల్చింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో అడుగు వేసింది. గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక దళిత పాస్టరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసును, అతను క్రైస్తవ మతాన్ని అవలంబిస్తున్నాడు గనుక ఆ చట్టపు రక్షణ అతనికి వర్తించదని కొట్టివేసింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. విశ్వాసాన్ని దాచుకుంటే మోసం. చాటుకుంటే రక్షణ పోయింది. తిట్టినవాడు మాత్రం నీ మతం అడిగి తిట్టలేదు, నీ కులం చూసి తిట్టాడు. చెయ్యెత్తినవాడు బాప్తిస్మపు పత్రం పరిశీలించి చెయ్యెత్తలేదు. న్యాయమూర్తులు ఉన్న చట్టాన్ని చదివారని కొందరు అంటారు. నిజమే కావచ్చు. అందుకే మన పోరాటం న్యాయమూర్తులతో కాదు, ఆ మూడవ పేరాతో. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తొలగించి షెడ్యూల్డు కుల హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వాలని తీర్మానించింది. కేంద్రం మాత్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. సిఫారసు ఇష్టం లేనప్పుడు మరో కమిషన్ వేయడం మన పాలకులకు బాగా తెలిసిన విద్య.

మరి మనకేమిటి?

ఇక్కడ మన ఇంటి లెక్క చూసుకుందాం. పాకీపని చేసే మెహతర్ కుటుంబం హిందువైతే షెడ్యూల్డు కులం. అదే మెహతర్ ముస్లిం అయితే వెనుకబడిన తరగతుల "ఏ" గ్రూపు. చీపురు అదే, బుట్ట అదే, మురికి కాలువ అదే, వీధిలో వారికి దక్కే చూపూ అదే. మారినది ప్రార్థన చేసే దిక్కు మాత్రమే. దళిత క్రైస్తవునికి ఇచ్చినది "సీ" గ్రూపులో ఒక్క శాతం. ఖమ్మం జిల్లాలోని మధిర, సత్తుపల్లి శాసనసభ స్థానాలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినవి. తన విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించుకున్న దళిత క్రైస్తవుడు గాని, ముస్లిం మెహతర్ గాని అక్కడ ఓటు వేయవచ్చు, నామినేషను వేయలేడు.

మన 4 శాతం రిజర్వేషన్ పదిలంగా ఉంటే చాలునని భావించే పెద్దలు ఉన్నారు. ఆ 4 శాతమూ న్యాయస్థానంలో ఇంకా తుది తీర్పు కోసం ఎదురుచూస్తున్నదని వారు మరువరాదు. మతాన్ని బట్టి హక్కును కోసివేయవచ్చుననే సూత్రం ఒకచోట చెల్లితే అన్నిచోట్లా చెల్లుతుంది.

అడవిలో రాబోయే తుఫాను

మైదానంలో దళితునికి జరిగినది రేపు ఏజెన్సీలో కోయ సోదరునికి జరగబోతున్నది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతపు షరతు లేదు. కోయ ఏ దేవుణ్ణి కొలిచినా కోయే. కనుకనే భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం ప్రాంతాల్లో క్రైస్తవ గిరిజనులు దాపరికం లేకుండా జీవించగలుగుతున్నారు. దీనిని మార్చాలని, మతం మారిన గిరిజనుని జాబితా నుండి తొలగించాలని కోరే ఉద్యమం ఒకటి దేశమంతటా సాగుతున్నది. 1960ల చివర కార్తీక్ ఉరావ్ పార్లమెంటులో లేవనెత్తిన ఈ డిమాండును నేడు జనజాతి సురక్షా మంచ్ డీలిస్టింగ్ పేరుతో సభలు, ర్యాలీల ద్వారా ముందుకు తెస్తున్నది. లంబాడాల విషయమై మన రాష్ట్రంలో నడుస్తున్న వివాదం వేరు. దానిని దీనితో కలపరాదు.

దీని పర్యవసానం ఏమిటో ఒక దస్త్రంలాగా విప్పి చూద్దాం. జాబితా నుండి తొలగిన మరునాడు ఆ కోయ రైతు చట్టం దృష్టిలో గిరిజనేతరుడు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనలేడు. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, 1970లో దానికి వచ్చిన సవరణ ప్రకారం గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టం మొదటే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బరువు అతని మీదే. అంటే తన తాత చెట్లు నరికి దున్నిన చెలకను తానే ఆక్రమించలేదని కోయ బిడ్డ రుజువు చేసుకోవలసి రావచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కావాలంటే గిరిజనేతరుడు మూడు తరాల, అనగా 75 ఏళ్ల నివాసాన్ని చూపాలి. ఛత్తీస్‌గఢ్ మంటల నుండి పారిపోయి వచ్చి మన అడవుల్లో గుడిసె వేసుకున్న గుత్తికోయ ఏ కాగితం చూపుతాడు? ఇక షెడ్యూల్డు ప్రాంతంలో సర్పంచ్ పదవి, భద్రాచలం, పినపాక, అశ్వారావుపేట శాసనసభ స్థానాలు గిరిజనులకే. బైబిలు పట్టుకున్న నేరానికి అవన్నీ పోతాయి.

అప్పుడు ఎవరికి లాభం? సాటి కోయకు మాత్రం కాదు. గిరిజన భూమిని గనుల కోసం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుండి ఆ భూమి మీద కన్నేసినవారు ఎవరో వారికి లాభం. గిరిజనుల సంఖ్య తగ్గితే షెడ్యూల్డు ప్రాంతమే ఎందుకని రేపు అడుగుతారు. మతం పేరుతో మొదలయ్యే ఈ లెక్క చివరకు మట్టి దగ్గర తేలుతుంది.

ఆరడుగుల నేల

మట్టి మాట వచ్చింది గనుక మన సరిహద్దు అవతల జరిగినది చెప్పాలి. 2022 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో వందలాది క్రైస్తవ గిరిజనులను గ్రామాల నుండి తరిమివేశారు. 2023 జనవరి 2న నారాయణపూర్ చర్చిని ధ్వంసం చేశారు. 2025 జనవరి 7న బస్తర్ జిల్లాలోని ఛింద్‌వాడా గ్రామంలో ఒక వృద్ధ పాస్టరు మరణించారు. వారిది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం, దళితులు. ఊరి శ్మశానంలోనూ, చివరకు సొంత పొలంలోనూ పూడ్చనీయలేదు. శవం మూడు వారాలపాటు మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు చెప్పారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన చోటనే పూడ్చాలని మరొకరు అన్నారు. ఇక ఆలస్యం కారాదని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్‌లో ఖననం చేయమని ధర్మాసనం ఆదేశించింది.

ముస్లిం పాఠకులారా, దీనిని చదివి మీ గుండె ఒక్క క్షణం ఆగకపోతే ఆశ్చర్యమే. దహనం చేసే సమాజం మధ్య ఖననం చేసే సమాజాలు రెండే రెండు కావు. గిరిజనులలోనూ, దళితులలోనూ పూడ్చే ఆచారం ఎందరికో ఉంది. కానీ మతం పేరు చెప్పి ఆరడుగుల నేల నిరాకరించేది మాత్రం ఈ ఇద్దరికే. జనాజాను త్వరగా తరలించమని మన ధర్మం మనకు ఆదేశిస్తుంది. మూడు వారాలు శవాన్ని ఆపగలిగిన ఊరు రేపు జనాజాను ఆపలేదని ఎవరు హామీ ఇస్తారు? ఏజెన్సీలోని చిన్న చిన్న ఊళ్లలో పది, పదిహేను ముస్లిం కుటుంబాలు ఉండే చోట ఖబరస్తాన్ అంటూ రికార్డులో నమోదైన భూమి ఎన్ని చోట్ల ఉందో ప్రతి జమాత్ తనను తాను ప్రశ్నించుకోవాలి. వాడుకలో ఉండటం వేరు, రికార్డులో ఉండటం వేరు. వివాదం వచ్చిన రోజున రికార్డే మాట్లాడుతుంది.

విందు వేరు, హక్కు వేరు

ఇంతవరకు రాజ్యాన్ని విమర్శించాను. రెండు సమాజాల నాయకత్వాన్ని విమర్శించకపోతే ఈ వ్యాసం పక్షపాతమవుతుంది.

మనకు రంజాన్ తోఫా, వారికి క్రిస్మస్ కానుక. మనకు ప్రభుత్వ ఇఫ్తార్, వారికి ప్రభుత్వ క్రిస్మస్ విందు. ఇమాములకు, మౌజన్లకు గౌరవ వేతనం. ఆంధ్రలో పాస్టర్లకు కూడా గౌరవ వేతనం. పేద ఇమాముకు నాలుగు రూపాయలు చేరితే నేను సంతోషిస్తాను. కానీ విందులో ముందు వరుసలో కూర్చున్న మన పెద్దలు గాని, వారి బిషప్పులు గాని ఆ వేదిక మీద మూడవ పేరా మాట ఎత్తారా? ఎన్నికల ముందు పార్టీలు మారినట్టే ఆశీర్వాదాలు మారుతున్నాయి. అభ్యర్థి తల మీద చేతులుంచి ప్రార్థించే పాస్టరు, అభ్యర్థి చేత టోపీ పెట్టించి దువా చేసే మన నాయకుడు ఒకే బడిలో చదువుకున్నారు. అది విశ్వాసం రాజకీయాల్లోకి రావడం కాదు. రాజకీయం విశ్వాసాన్ని బజారులో బేరమాడటం.

దీనికి విరుగుడుగా మరికొందరు పాస్టర్లు ఈ లోకం మనది కాదు, అధికారులకు లోబడి ఉండటమే విశ్వాసి ధర్మం అని బోధిస్తారు. పౌలు రోమీయులకు రాసిన ఉత్తరాన్ని అందుకు ఆధారంగా చూపుతారు. అదే గ్రంథంలో రాజుల ముఖం మీదే అన్యాయాన్ని ఖండించిన ప్రవక్తలు ఉన్నారని వారు చెప్పరు. మనలోనూ నమాజు, రోజా చాలు, ప్రపంచపు గొడవ మనకెందుకు అనేవారు తక్కువేమీ కాదు. అమ్ముకునేవారు, అణిగి ఉండేవారు, ఈ ఇద్దరి మధ్య సామాన్య విశ్వాసి నలిగిపోతున్నాడు.

మూడవ దారి లేదా? ఉంది. జెస్విట్ పూజారి ఫాదర్ స్టాన్ స్వామి ఆ దారిన నడిచారు. జార్ఖండ్ ఆదివాసుల భూమి కోసం, విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్న యువకుల కోసం ఆయన పనిచేశారు. 2020 అక్టోబరు 8న యూఏపీఏ కింద ఆయనను అరెస్టు చేశారు. పార్కిన్సన్స్ వ్యాధితో చేతులు వణుకుతుంటే నీళ్లు తాగడానికి ఒక సిప్పరు కోసం న్యాయస్థానాన్ని అర్థించవలసి వచ్చింది. 2021 జూలై 5న, 84వ ఏట, నిర్బంధంలో ఉండగానే కన్నుమూశారు. ఆ చట్టం పేరు వింటే మన తల్లిదండ్రులకు ఎంత భయమో నేను చెప్పనక్కరలేదు. ఆయన తన మతస్థుల రిజర్వేషన్ కోసం జైలుకు వెళ్లలేదు. ఎవరి నేల పోతున్నదో వారి కోసం వెళ్లారు. విశ్వాసం ప్రజా జీవితంలోకి వచ్చినదా లేదా అన్నది కాదు ప్రశ్న. ఎవరి పక్షాన వచ్చినదన్నదే ప్రశ్న.

మనవారి అభ్యంతరాలకు జవాబు

"హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) విషయంలో వారి విశ్వాసం మన విశ్వాసానికి విరుద్ధం. వారి పక్షాన ఎలా నిలబడతాం?" అని కొందరు యువకులు అడుగుతున్నారు. అఖీదా విషయంలో రాజీ పడమని ఎవరూ అడగడం లేదు. వాదన వాదనగానే ఉంటుంది. కానీ దైవప్రవక్త (సఅసం) సహచరులు మక్కా హింసను తట్టుకోలేక అబిసీనియాకు వలస వెళ్లినప్పుడు వారికి ఆశ్రయమిచ్చినది ఎవరు? క్రైస్తవ రాజు నజాషీ. ఖురైషు దూతలు కానుకలతో వచ్చి వారిని అప్పగించమన్నారు. హజ్రత్ జాఫర్ (రజి) ఆ సభలో మర్యమ్ సూరాను వినిపించారు. నజాషీ కానుకలు తిప్పి పంపి శరణార్థులను నిలబెట్టుకున్నాడు. ఒక క్రైస్తవుని విశ్వాసం రాజకీయ నిర్ణయంగా మారిన ఆ రోజున మన ఉమ్మత్ బతికింది. తరువాత నజ్రాన్ క్రైస్తవులు మదీనా వచ్చినప్పుడు మస్జిదె నబవీలోనే ప్రార్థన చేసుకోనిచ్చారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. దివ్య ఖుర్ఆన్‌లోని హజ్ సూరా 40వ ఆయత్ మసీదులతోపాటు మఠాలను, చర్చీలను, యూదుల ప్రార్థనాలయాలను పేర్కొని, వాటి విధ్వంసాన్ని అడ్డుకోవడాన్ని దైవ యోజనలో భాగంగా చెబుతుంది. ఆ ఆయత్‌ను మిహ్రాబ్ దగ్గర చదివి, నారాయణపూర్ చర్చి కూలినప్పుడు మౌనంగా ఉండటం మనకు తగునా?

"వారు మన కోసం ఎప్పుడైనా వచ్చారా?" అనేది రెండవ అభ్యంతరం. వచ్చినవారు ఉన్నారు, రానివారూ ఉన్నారు. మనమూ అంతే. 2008లో కంధమాల్‌లో 50 వేల మందికి పైగా క్రైస్తవులు నిరాశ్రయులైనప్పుడు మనలో ఎందరు కదిలాం? న్యాయం వడ్డీ వ్యాపారం కాదు, వాడు ఇచ్చాకే నేనిస్తానని లెక్క రాసుకోవడానికి.

మూడవ అభ్యంతరం బయటివారిది. "మీ మతాల్లో కులం లేదంటారు, మరి కుల హోదా ఎందుకు?" అని వారు ఎగతాళి చేస్తారు. దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. మన ధర్మంలో కులం లేదు, మన సమాజంలో ఉంది. దూదేకుల బిడ్డతో వియ్యమందడానికి వెనుకాడే ఇళ్లు మన మధ్య లేవా? మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరు సమాధుల తోటలు పెట్టుకున్న ఊళ్లు లేవా? విశ్వాసం కులాన్ని ఖండిస్తుంది. ఆ ఖండన ఫలించేదాకా గాయపడినవాడికి మందు ఇవ్వను అనడం వైద్యుని మాట కాదు.

ఇప్పుడు చేయవలసినది

మాటలతో ఆగితే ఇది మరో విందు ప్రసంగం అవుతుంది. కనుక నాలుగు పనులు సూచిస్తున్నాను.

మొదటిది, ఖననభూములు. ప్రతి మండలంలో జమాత్ పెద్దలు, చర్చి పెద్దలు కలిసి కూర్చుని వాడుకలో ఉన్న ఖబరస్తాన్లు, సమాధుల తోటల జాబితా తయారుచేయాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, రికార్డులో ఏమని ఉన్నదో రాయాలి. రికార్డులో లేనివాటి నమోదు కోసం, లేని ఊళ్లలో కేటాయింపు కోసం తహసీల్దారుకు ఉమ్మడి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటి మాటగా హామీ తీసుకుని తిరిగి రావద్దు. ఏజెన్సీ గ్రామమైతే గ్రామసభ తీర్మానం తప్పక జతచేయాలి. ఆ నేల మీద మొదటి మాట ఆదివాసీలదే. వారి సమ్మతితోనే మన చోటు నిలుస్తుంది.

రెండవది, మూడవ పేరా. దీనిపై విడివిడి వినతిపత్రాలు చాలు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లిములు కలిసి ఒకే పత్రం మీద సంతకాలు చేసి, మన లోక్‌సభ సభ్యులను లిఖితపూర్వకంగా జవాబు అడగాలి. రాబోయే జనగణనలో మతం నిజంగా చెప్పమని పేద దళిత క్రైస్తవునికి ఉపన్యాసం ఇచ్చే ముందు, నిజం చెప్పినందుకు అతను చెల్లించవలసిన మూల్యాన్ని రద్దు చేయించాలి.

మూడవది, డీలిస్టింగ్. ఈ విషయంలో మనం కోయ సోదరుల వెనుక నిలబడాలి, ముందు కాదు. వారి సంఘాలు పిలిస్తే వెళ్లాలి. 1/70 చట్టం వల్ల ఇబ్బంది పడుతున్నామనే గిరిజనేతరులలో మనవారూ ఉన్నారని నాకు తెలుసు. అయినా ఆదివాసీ నేలకు ఉన్న కంచెను బలహీనపరిచే ఏ కూటమిలోనూ మన పేరు వినిపించరాదు.

నాలుగవది, ఎన్నికలు. ఇఫ్తార్‌కు, క్రిస్మస్ విందుకు వచ్చే ప్రతి అభ్యర్థికి ఒకే ప్రశ్నాపత్రం అందించాలి. మూడవ పేరాపై మీ వైఖరి ఏమిటి? ఖననభూములకు ఏమి చేస్తారు? డీలిస్టింగ్‌ను వ్యతిరేకిస్తారా? జవాబు రాసి ఇవ్వనివాడికి ఖర్జూరం పెట్టండి, అతిథి మర్యాద మన సున్నత్. ఓటు మాత్రం ఆ పళ్లెంలో పెట్టకండి.

అజరయ్య తన ప్రజలకు ప్రత్యేక గది వద్దన్నారు. రాజ్యాంగ సభలో మన పెద్దలూ వద్దన్నారు. వారు నమ్మినది ఉమ్మడి ఇంటిని. ఆ ఇంటిలో మన గది కోసం కాదు, గడప దాటినప్పుడు "నీ దేవుడెవరు?" అని అడగని కాపలా కోసం మనం పోరాడుతున్నాం. క్రైస్తవుడు తన విశ్వాసంతో వీధిలోకి వచ్చి న్యాయం అడగగలిగిన రోజునే ముస్లిం కూడా అడగగలుగుతాడు. అతని నోరు మూతపడిన రోజున మనకు మిగిలేది విందులో వడ్డించిన హలీం మాత్రమే.

న్యాయం పక్షాన సాక్షులుగా నిలబడే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.